ఇంటివాళ్లు మందు ఇవ్వకూడదు

తన రూల్ మీద ఆ రోజుల్లో తనకెంత నమ్మకమో తలుచుకుంటే అతనికి ఇప్పటికీ నవ్వొస్తుంది. క్షయ రోగికి రోజూ మందు మింగించే మనిషి ఇంటివాళ్లలో ఒకరు కాకూడదని ఆరోగ్యశాఖ కొత్త ప్లాన్‌లో రాసింది అతనే. ఇంటివాళ్లకు జాలెక్కువ, రోగి వద్దంటే ఊరుకుంటారు, మధ్యలో మానేస్తే జబ్బు మొండికేస్తుంది అని అతని వాదన.

మీటింగులో అది చదవగానే వెనక వరసలోంచి ఓ నర్సు లేచింది. "తల్లికంటే శ్రద్ధగా మింగించేవాళ్లు ఎవరు దొరుకుతారు సార్? మీరెప్పుడైనా ఒక్క రోగి గడప తొక్కారా?" అని అందరి ముందూ కడిగేసింది. అతని మొహం కందగడ్డయింది. అయినా పంతం వదల్లేదు, రూల్ పాసయింది.

ఆ వానాకాలమే అతనికి దగ్గు పట్టుకుంది. పరీక్షలో క్షయ అని తేలింది. తోడుగా వచ్చిన అక్క తానే మందిస్తానంది గానీ రూల్ ఒప్పుకోదు. ఆ వీధి చూసేది ఆ నర్సే.

రోజూ పొద్దున్నే గొడుగు దులుపుకుంటూ వచ్చేది. మాత్రలు అరచేతిలో పెట్టి, మింగాక నోరు తెరిచి చూపించమనేది. ప్లాన్ రాసినంత తేలిక కాదు కదా సార్ అని ఉడికించేది. ఊరంతా ఆమెను సిస్టర్ అనే పిలిచేవాళ్లు, అతనికి మాత్రం ఆ పిలుపుకు నోరు రాలేదు. ఆమె వచ్చే వేళకు తల దువ్వుకుని కూర్చుంటుంటే అక్క ముసిముసిగా నవ్వుకునేది.

ఒకనాడు కడుపులో తిప్పుతోంది, ఇవాళ్టికి వదిలేద్దామని బతిమాలాడు. ఆమె అతని మొహంలోకి చూసి, సరేనని మాత్రలు తీసుకుని వెళ్లిపోయింది. వీధి మలుపు దాకా వెళ్లి, వానలో తడుస్తూ తిరిగొచ్చి, దగ్గరుండి మింగించింది. ఆమె కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

మర్నాటి నుంచి ఆమె బదులు నవ్వడమే తెలియని ముసలి కాంపౌండరు వచ్చాడు. తన మారాంకి ఆమె మనసు విరిగిందనుకున్నాడు అతను. రెండు రోజులు ముద్ద దిగలేదు. చివరికి ఉండబట్టలేక క్లినిక్‌కి వెళ్లాడు.

"నా మీద కోపమా?"

ఆమె సీసాలు సర్దుతూనే ఉంది. "డ్యూటీ నేనే మార్పించుకున్నా. ఆ రోజు మీరు వద్దంటే ఊరుకోబోయాను. ఇంకే రోగి దగ్గరా నాకలా కాలేదు."

"అయితే?"

"మీ రూల్ సరైనదే సార్. ఇంటివాళ్లు మందు ఇవ్వకూడదు."

పాలసీలు రాసే ఆ బుర్రకు విషయం అందడానికి కాస్త టైం పట్టింది. అందాక, మరి కోర్సు అయ్యాక అని గొణిగాడు.

"ముందు కోర్సు పూర్తి చెయ్యండి. మీరు నాకు నిండు నూరేళ్లూ కావాలి."

ఆఖరి మాత్ర దాకా కాంపౌండరే వచ్చాడు. అతను మళ్లీ ఒక్క రోజు కూడా వద్దనలేదు.