సిస్టరమ్మా, రేపు రా

రాళ్లరేవులో చీకటి పడ్డాక కలరా షెడ్డు పక్కనుంచి వెళ్ళేటప్పుడు ఎవరు పిలిచినా పలకకూడదు. కన్నతల్లి గొంతులా వినిపించినా సరే... పలకకూడదు.

ఊరికీ, సముద్రం ఒడ్డున ఉన్న పల్లెపాలేనికీ మధ్య ఇసుకలో ఒంటరిగా ఉంటుంది ఆ షెడ్డు. పైన రేకులు సగం ఎగిరిపోయాయి. తలుపులు ఎవరో ఎప్పుడో పీక్కుపోయారు. రాత్రిళ్ళు లోపల్నుంచి ఒక ఆడగొంతు పిలుస్తుందట. పలికితే తెల్లారేసరికి వాంతులు, విరేచనాలు... ఆ తర్వాత సంగతి చెప్పక్కర్లేదు. తుఫానులో పడవ వేసుకెళ్ళే మొనగాళ్ళు కూడా ఆ షెడ్డు దగ్గరికొచ్చేసరికి నోట్లో గుడ్డ కుక్కుకుని నడుస్తారు.

ఇది నేను కళ్ళతో చూసింది కాదు. ఢిల్లీలో, లక్ష్మీ నగర్‌లో, కరెంటు పోయి కూలర్లు ఆగిపోయిన రాత్రి మన తెలుగు నర్సమ్మలు మేడమీద చేరి చెప్పుకునే సంగతి. విన్నది విన్నట్టు చెబుతున్నాను. నమ్మేవాళ్ళు నమ్మండి, లేనివాళ్ళు లేచి కిందకి వెళ్ళిపోండి.

జ్ఞానకుమారి అక్కడే ఒక పెద్దాసుపత్రిలో హెడ్ సిస్టర్. మనిషి నిక్కచ్చి. ఆవిడ వార్డులోకి వస్తుంటే జూనియర్ డాక్టర్లు కూడా చొక్కా గుండీలు సరిచూసుకునేవారు. అలాంటి మనిషికి ఇంట్లో ఒక్కరు లొంగలేదు — కూతురు పెర్సిస్. పన్నెండో తరగతి పాసైంది. నర్సింగ్ కాలేజీ ఫారం తెచ్చి ఫ్రిజ్ మీద పెడితే నెలరోజులుగా దుమ్ము పడుతోందే గానీ సంతకం పడలేదు.

"నర్సా? నెవర్ మమ్మీ. జిందగీ భర్ బెడ్‌పాన్లు మోయాలా?"

అప్పుడు జ్ఞానకుమారి రాళ్లరేవు కథ ఎత్తుకునేది. అది డెబ్భై తొమ్మిది. ఆవిడకి ఇరవై మూడేళ్ళు, మొదటి ఉద్యోగం. పల్లెపాలేనికి కలరా తగిలింది. మిషన్ ఆసుపత్రివాళ్ళు ఇసుకలో రేకుల షెడ్డు వేసి రోగుల్ని అందులో పడుకోబెట్టారు. రాత్రిళ్ళు కాపలాకి ఈవిడొక్కతే. ఒక్క లాంతరు. ఆ వెలుగులో అందరి మొహాలూ కనపడవు. అందుకని చాప వరసన ఒక్కొక్కళ్ళనీ పేరు పెట్టి పిలిచేది. "ఉన్నానమ్మా" అంటే సరే. మూడుసార్లు పిలిచినా పలక్కపోతే సెలైన్ సీసా పట్టుకుని పరిగెత్తేది.

"ఇరవై రెండు మంది. ఇరవై రెండు మందీ తమ కాళ్ళమీద నడిచి ఇళ్ళకెళ్ళారు," అని ముగించేది. కూర మాడినా, బస్సు తప్పిపోయినా, పెర్సిస్‌కి లెక్కల్లో మార్కులు తగ్గినా చివరికి ఆ ఇరవై రెండు మందీ వచ్చి కూర్చునేవారు. పెర్సిస్‌కి వాళ్ళ పేర్లు వరసతో సహా నోటికి వచ్చేశాయి. నమ్మకం మాత్రం రాలేదు.

"అచ్ఛా మమ్మీ, అంత గొప్ప పని చేస్తే అక్కడినుంచి నీకొక్క ఉత్తరమైనా రాలేదేం?"

ఆ మాట ముల్లులా దిగింది. నా నోటితో చెబితే వినదు, వాళ్ళ నోటితోనే వినిపిస్తాననుకుంది. రెండువేల ఐదు జూన్‌లో సెలవు పెట్టి, మొగుణ్ణీ కూతుర్నీ వెంటేసుకుని బయల్దేరింది. ఫారం బ్యాగులో పెట్టింది. ఆఖరు తేదీకి ఇంకా పది రోజులుంది.

పోయిన పని మొదటినుంచీ వంకరే. రైలు తొమ్మిది గంటలు లేటు. లాడ్జిలో ఫ్యాను తిరగదు. మిషన్ ఆసుపత్రి ఉన్నచోట రొయ్యలకి ఐసు కొట్టే ఫ్యాక్టరీ ఉంది. గేటు దగ్గర వాచ్‌మన్ని అడిగితే, "డెబ్భై తొమ్మిదా? అప్పటికి నేను పుట్టలేదండీ," అన్నాడు. అప్పట్లో ఆవిడతో పనిచేసిన కాంపౌండరు త్యాగరాజు పోయి పదేళ్ళయింది. పోస్టాఫీసులో, చర్చిలో, టీ కొట్టు దగ్గర అడిగింది. ఎవరికీ జ్ఞానకుమారి ఎవరో తెలియదు. పెర్సిస్ ఏమీ అనలేదు. చెవుల్లో పాటలు పెట్టుకుని వెనకాల నడిచింది. ఏదైనా అన్నా బాగుండేది.

"పోనీలే జ్ఞానం, నువ్వు చేసింది దేవుడికి తెలుసు," అన్నాడు మొగుడు బాబురావు. మధ్యాహ్నం తిన్న రొయ్యల వేపుడు అరక్క పొట్ట పట్టుకుని లాడ్జిలో మంచమెక్కి ఉన్నాడు.

"దేవుడికి తెలిస్తే చాల్దండీ. దీనికి తెలియాలి!" అని అరిచింది ఆవిడ.

పల్లెపాలెం ఒక్కటే మిగిలింది. జనం వేటనుంచి తిరిగొచ్చి సాయంత్రమైతే గానీ ఇళ్ళలో దొరకరన్నారు. చూడగానే గుర్తుపడతారని పెట్టె అడుగునుంచి డ్యూటీ తెల్లచీర తీసి కట్టుకుంది. కూతుర్ని తీసుకుని ఆటో ఎక్కేసరికి మసక చీకటి పడింది.

షెడ్డు కనపడేంత దూరంలో ఆటో ఆగిపోయింది.

"ఇక్కడ దిగిపోండి మేడమ్ గారూ," అన్నాడు డ్రైవరు, గొంతు తగ్గించి.

"పాలెం ఇంకా అర కిలోమీటరుంది కదయ్యా?"

"లైట్లు పడే టైమండీ. ఇంక ముందుకి రాను. పోనీ డబ్బులివ్వకండి."

"ఎందుకు?"

అతను షెడ్డువైపు చూడకుండా చెప్పాడు. "అందులో సిస్టరమ్మ ఉందండీ... కలరా రోజుల్లో తెల్లచీర కట్టుకుని, లాంతరు పట్టుకుని, రాత్రంతా ఒక్కొక్కళ్ళనీ పేరుపెట్టి పిలిచేదంట. పలికినోళ్ళని పట్టుకుపోయేదంట. ఆఖరికి ఆవిడా అందులోనే చచ్చిపోయిందంటండీ. ఇప్పటికీ పిలుస్తానే ఉంటది."

అప్పుడు గానీ అతను ఆవిడ చీర సరిగ్గా చూడలేదు. చూసి... నోరు మూసుకున్నాడు. వాళ్ళు దిగీ దిగకముందే ఆటో వెనక్కి తిరిగి ఊరివైపు దూసుకుపోయింది.

పెర్సిస్ పగలబడి నవ్వింది. "మమ్మీ! భూత్ తో తుమ్ హీ హో! ఆ దెయ్యం నువ్వే! ఇంత దూరం వచ్చింది నీ దెయ్యాన్ని చూడ్డానికా?"

జ్ఞానకుమారికి ఒళ్ళు మండిపోయింది. నిద్ర మానుకుని, తిండి మానుకుని, వాళ్ళ మలమూత్రాలు ఎత్తి బతికిస్తే... దెయ్యమా? టార్చి వెలిగించి షెడ్డు వంక కన్నెత్తి చూడకుండా పాలెం వైపు నడిచింది. ఇసుకలో చెప్పులు కూరుకుపోతుంటే తీసి చేత్తో పట్టుకుంది.

పాలెంలో మొదటి ఇంటి తలుపుమీద సుద్దముక్కతో ఏదో రాసి ఉంది. టార్చి వేసింది.

సిస్టరమ్మా, రేపు రా.

రెండో తలుపుమీదా అదే. మూడో దానిమీదా. ఒకచోట సున్నంతో, ఒకచోట బొగ్గుతో. పెర్సిస్‌కి తెలుగు చదవడం అంతంతమాత్రం. కూడబలుక్కుని చదివింది. ఈసారి నవ్వలేదు.

"కనకయ్యా!" అని మొదటి చాపవాడి పేరు పెట్టి పిలిచింది జ్ఞానకుమారి. "కనకయ్యా, నేను... సిస్టర్ని!"

ఆ ఇంట్లో దీపం ఆరిపోయింది.

"హనుమయ్యా!"

పక్కింట్లో టీవీ మోగుతోంది. టక్కున ఆగింది. ఎక్కడో పసిపిల్ల ఏడుపు అందుకోబోయింది... ఎవరో నోరు నొక్కేశారు.

ఆవిడ పిలిచిన కొద్దీ లైట్లు ఆరుతున్నాయి. ఒకటి... తర్వాత ఇంకొకటి. వీధి చివరిదాకా చీకటి.

ఒక తలుపు వెనకాల గుసగుస. "పలక్కండర్రా... ఎవురూ పలక్కండి..."

జ్ఞానకుమారి ఆగిపోయింది. హనుమాయమ్మ గొంతు అది! ముసలిదైపోయినా ఆ గొంతు ఎక్కడున్నా పోల్చుకుంటుంది. ఆ రోజుల్లో షెడ్డులో ఆ గొంతుచేత 'మంచినీళ్ళు' అనిపించడానికి రెండు రాత్రులు పట్టింది.

తలుపు దబదబా బాదింది. "హనుమాయమ్మా! నేను చావలేదే! బతికే ఉన్నాను! ఇదిగో నా కూతురు, దీనికొక్క మాట చెప్పు చాలు... నిన్ను నేను చంపానా? చెప్పవే!"

లోపల ఎవరో ప్రార్థన చదువుకుంటున్నారు. తలుపు తెరుచుకోలేదు.

"చలో మమ్మీ," అంది పెర్సిస్, చెయ్యి పట్టుకుని. "ఇక పోదాం."

ఆ జాలి చూసేసరికి ఆవిడకి ఏడుపొచ్చింది. దానికంటే ఆ నవ్వే నయం. కళ్ళు తుడుచుకుంటూ ఇసుకలో గబగబా వెనక్కి నడిచింది. షెడ్డు ఎదురుగా వచ్చాక ఆగింది. ఆ కోపం కూతురిమీద తీర్చుకునేది కాదు కదా. ఆ రేకులమీద విరుచుకుపడింది.

"వినండర్రా! ఒక్కొక్కళ్ళూ వినండి!" అని అరిచి, పాలేనికి వినపడేలా మొదటి చాపనుంచి పేర్లు ఎత్తుకుంది. కనకయ్య. హనుమయ్య. హనుమాయమ్మ. పేరుకీ పేరుకీ మధ్య, అలవాటు కొద్దీ, కాసేపు ఆగుతోంది. సముద్రం హోరు తప్ప మరేమీ లేదు. పెర్సిస్ పక్కన నిలబడి వేళ్ళు ముడుస్తోంది. పది... పద్నాలుగు... ఇరవై... ఇరవై రెండు. వీరరాఘవులుతో అయిపోవాలి. ఎప్పుడూ అక్కడే అయిపోతుంది.

ఉక్రోషంలో ఉంది కదా, నోరు ఆగలేదు. వరసలో పక్క చాప దగ్గరికి వెళ్ళిపోయింది.

"కోటమ్మా!"

అన్నాక గానీ ఏమన్నదో ఆవిడకే తెలియలేదు.

"ఇరవై మూడు," అంది పెర్సిస్. "మమ్మీ... కోటమ్మ కౌన్? ఈ పేరు నువ్వెప్పుడూ చెప్పలేదే?"

జ్ఞానకుమారి చేత్తో నోరు మూసుకుంది.

అప్పుడు... షెడ్డు లోపల్నుంచి... నీరసంగా...

"ఉన్నానమ్మా."

పెర్సిస్ కూడా వింది. "మమ్మీ, ఎవరో ఉన్నారు! బీమార్ లగ్ రహీ హై... జబ్బు మనిషిలా ఉంది!" అంటూ రెండడుగులు ముందుకి వేసింది. జ్ఞానకుమారి ఆమె చెయ్యి పట్టుకుని గట్టిగా వెనక్కి లాగింది. గోళ్ళు దిగిపోయాయి.

"వెళ్ళకు! అక్కడ... అక్కడ ఎవరూ లేరే."

"పలికింది కదా?"

"అది చచ్చిపోయింది పెర్సీ."

చెప్పేసింది. ఇరవై ఆరేళ్ళుగా మొగుడికి చెప్పని మాట, మోకాళ్ళమీద పడి ప్రార్థించేటప్పుడు దేవుడి దగ్గర కూడా దాటేసిన మాట, ఆ ఇసుకలో నిలబడి కూతురికి చెప్పేసింది. "ఆఖరి చాప దానిది. అందరూ తేరుకున్నారు, అదీ తేరుకుంది. ఆఖరి సీసా ఎక్కించి మర్నాడు ఇంటికి పంపేద్దామనుకున్నాం. నాలుగు రాత్రులు కన్ను మూయలేదు నేను... ఒక్క నిమిషం గోడకి ఆనుకున్నాను. అంతే. లేచేసరికి తెల్లారిపోయింది. ఎవరు అడిగినా ఇరవై రెండే అని చెప్పాను. చెప్పీ చెప్పీ నేనూ నమ్మేశాను."

పెర్సిస్ చెయ్యి విడిపించుకోలేదు. ఇన్నేళ్ళలో ఆ పిల్ల తల్లి మాట నమ్మడం అదే మొదలు.

షెడ్డులో మళ్ళీ కదలిక. చాపమీద ఎవరో ఒత్తిగిలినట్టు...

"సిస్టరమ్మా... సీసా అయిపోయిందమ్మా. ఇందాకట్నుంచీ పిలుస్తున్నాను... పలకరేంటమ్మా?"

పెర్సిస్ తల్లి భుజం పట్టుకుంది. "మమ్మీ, నువ్వు పలకొద్దు. ఆటో అతను ఏం చెప్పాడు? ప్లీజ్ మమ్మీ... మత్ బోల్నా."

జ్ఞానకుమారి చెప్పులు ఇసుకలో పడేసింది. తెల్లచీర కొంగు తిప్పి బొడ్లో దోపుకుంది. టార్చి కూతురి చేతిలో పెట్టింది.

"లైటు సరిగ్గా పట్టు," అంది.

షెడ్డు వైపు తిరిగి, ఊళ్ళో ఎవరూ పలకని ఆ పిలుపుకి గొంతెత్తి పలికింది.

"వస్తున్నా కోటమ్మా... వచ్చేస్తున్నా!"

చీకట్లోకి ఆవిడ ముందు నడిచింది. లైటు పక్కకి పోనివ్వకుండా పెర్సిస్ వెనకాలే వెళ్ళింది.