పన్నెండు గంటల పల్లం

"ఏజెంట్ కమలాకర్! మిషన్ క్లోజ్. ఒంటిగంట లోపల హాలియా వదిలి వచ్చెయ్."

చీఫ్ దివాకర్‌కు ఫోన్‌లో హలో అనే అలవాటు లేదు. 

"సర్, కోబాల్ట్ ముఠా ఇంకా..."

"ముఠా లేదు, మట్టిగడ్డా లేదు. మూడు నెలల్లో నువ్వు కనిపెట్టిందేమిటి? పన్నెండింటికి సెన్సర్ రీడింగ్ పడిపోతోంది. రోజూ అదే రిపోర్టు. ఢిల్లీ వాళ్ళు నన్ను వాయించేస్తున్నారు."

లైన్ కట్. ఫోన్ నేలకేసి కొట్టాలన్నంత కోపం వచ్చింది కమలాకర్‌కు. ప్రభుత్వ ఫోన్ కదా అని టేబుల్ మీద మెల్లగా పెట్టాడు.

మూడు నెలలు! ఐదు దేశాల్లో మారువేషాలు వేసినవాడు, మండుటెండలో హాలియా బయట గ్యాస్ స్టేషన్‌లో ఖాకీ చొక్కా తొడుక్కుని, టెక్నీషియన్‌గా చెమటలు కక్కుతున్నాడు. ఇక్కడ పైపులైన్ గ్యాస్‌లో నూటికి ఐదు పాళ్ళు హైడ్రోజన్ కలుపుతారు. ఆ ఐదు దాటకుండా సెన్సర్లు క్షణక్షణం కొలుస్తూ వాల్వును అదుపు చేస్తాయి. మోతాదు మించితే పొయ్యిల్లో మంట వెనక్కి తన్నుతుంది. కోబాల్ట్ అనే విదేశీ ముఠాకు కావలసింది అదే. ఒక్క వంటగది పేలితే చాలు, మన సెన్సర్లను ఎవడూ నమ్మడు. వాళ్ళ సరుకు అమ్ముకోవచ్చు.

ఇంత పెద్ద కుట్రలో ఇప్పటిదాకా అతనికి దొరికిన ఏకైక నేరస్థుడు స్టేషన్ వాచ్‌మన్ జానయ్య. ఎండ నడినెత్తికి రాగానే ఆ పెద్దాయన రంజన్ కుండలో నీళ్ళు ముంచి, గోనెసంచి తడిపి, ఆరుబయట ఉన్న సెన్సర్ పెట్టె మీద కప్పుతాడు. పెట్టె చల్లబడి రీడింగ్ కాస్త పడుతుంది. గ్రాఫ్‌లో పల్లం వస్తుంది. పల్లం వెనకాలే ఢిల్లీ నుంచి మెయిల్ వస్తుంది.

"నీకు దండం పెడత జానయ్యా, ఆ సంచి తీసెయ్యి," అని మక్తల్‌లో పుట్టినవాడిగా సొంత భాషలోనే బతిమాలాడు కమలాకర్.

"కాలుతాంది సారూ. ముడితే చెయ్యి బొబ్బలెక్కుతాంది. నీళ్ళకుండకు తడిగుడ్డ చుడుతం గద? గిదీ గంతే."

చెవిటివాడి ముందు శంఖం ఊదినా కాస్త ఫలితం ఉండేదేమో.

"ఆఖరి రోజున మీ గ్రాఫ్ ఎంత బుద్ధిగా ఉందో చూశారా?"

కమలాకర్ కంట్రోల్ రూమ్‌లో అడుగుపెట్టగానే, స్క్రీన్ ముందు కూర్చున్న నిహారిక నవ్వింది. నల్ల కళ్ళద్దాలు, ఖరీదైన సెంటు, సెన్సర్ నిపుణురాలినని చెప్పే ఐడీ కార్డు. పేరుకు కోబాల్ట్ మనిషి, లోపలి కబుర్లన్నీ మనకు చేరవేసే ఏజెంటు. ముఠా దేశం వదిలిపోయిందని చీఫ్‌కు చెప్పింది కూడా ఆమే.

కమలాకర్ చూశాడు. టైమ్ పన్నెండు దాటి ఎనిమిది నిమిషాలు. రీడింగ్ 4.9. గీత తాడు లాగి కట్టినట్టుంది. పల్లం లేదు. మూడు నెలలుగా అతను కోరుకున్న గీత! ఒక్క క్షణం సంతోషం, మరుక్షణం ఒళ్ళుమంట. వెళ్ళిపోయే రోజునా ఈయనకు బుద్ధొచ్చేది? కిటికీలోంచి అరిచాడు.

"జానయ్యా! ఇయ్యాల సంచి తడపలేదా?"

"తడిపిన సారూ! మీరు తిట్టినా తడిపిన."

నిజమే. పెట్టె మీద సంచి నీళ్ళు కారుతోంది. పెట్టె చల్లబడింది, గీత మాత్రం కదల్లేదు. అంటే స్క్రీన్ మీద ఉన్నది ఇప్పటి రీడింగ్ కాదు. పొద్దుటి రీడింగునే ఎవరో మళ్ళీ మళ్ళీ తిప్పి చూపిస్తున్నారు. పొద్దుట్నుంచి ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నది ఒక్క నిహారికే.

పైపుకు ఆనిస్తే లోపలి హైడ్రోజన్ శాతం చెప్పే చేతిగడియారం ఒకటి ఢిల్లీ ఇచ్చింది. "మంచినీళ్ళు తాగొస్తా," అని కమలాకర్ బయటికొచ్చి, తలుపుకు గడియ పెట్టి, గడియారాన్ని పైపుకు ఆనించాడు.

'అప్‌డేట్ అవుతోంది. దయచేసి వేచి ఉండండి.'

"మీ తెలివి ఆలస్యంగా వెలిగింది కమలాకర్!" లోపల్నుంచి నిహారిక గొంతు. "వాల్వులు నా పాస్‌వర్డ్ తప్ప వినవు. పన్నెండుంబావుకు హైడ్రోజన్ అరవై శాతం!"

జానయ్య గోడ వైపు తిరిగాడు. లైన్‌లో మొదటి కనెక్షన్ పక్క గోడ అవతలి గురుకులం వంటగదిదే.

"నా పెండ్లాం బాలనర్సమ్మ గా పొయ్యికాడనే ఉంటది సారూ! నాలుగొందల మంది పిల్లలకు వండుతాంది. ఫోన్ జేసినా ఎత్తది!"

బయటికి గ్యాస్ పంపే మెయిన్ వాల్వుకు చేత్తో తిప్పే ఇనుప చక్రం ఉంది. ఇద్దరూ పరుగెత్తారు. కిటికీ చువ్వల మధ్య నుంచి నిహారిక పిస్తోలు పేలింది. రంజన్ పగిలి నీళ్ళన్నీ నేలపాలయ్యాయి. కమలాకర్ చక్రం పట్టుకున్నాడు. అరచేతులు పెనం మీద పెట్టినట్టు చుర్రుమన్నాయి. పట్టు జారిపోయింది.

జానయ్య పెట్టె మీది తడిసంచి గుంజుకొచ్చి చక్రానికి చుట్టాడు.

"గిప్పుడు పట్టు సారూ! బలంగ గుంజు!"

"గుంజుతున్న అన్నా!"

చక్రం మొరాయించింది, కిర్రుమంది, తిరిగింది. పైపులో రొద ఆగిపోయింది. పన్నెండు దాటి పద్నాలుగు నిమిషాలు. చేతిగడియారం బీప్‌మంది. 'అప్‌డేట్ పూర్తయింది.'

జానయ్య ఫోన్ మోగింది. బాలనర్సమ్మ గొంతు ఇద్దరికీ వినిపించింది.

"పొయ్యిలన్నీ ఆరిపోయినయి! పిల్లలు ఆకలితోటి కూసున్నరు. నువ్వాడ ఏం జేస్తున్నవయ్యా?"

జానయ్య ఫోన్ చెవికి అట్లాగే పెట్టుకుని ఏడ్చేశాడు.

పోలీసులు నిహారికను తీసుకెళ్ళారు. మర్నాడు మధ్యాహ్నం ఢిల్లీ నుంచి మెయిల్ వచ్చింది. 'నిన్న మొదటిసారి రీడింగ్ నిలకడగా ఉంది. అభినందనలు. ఈరోజు పన్నెండింటికి మళ్ళీ పల్లం కనిపించింది. కారణం వెంటనే తెలపాలి.'

కట్లు కట్టిన చేత్తో, ఒంటి వేలితో, కమలాకర్ జవాబు టైప్ చేశాడు.

'కారణం: జానయ్య డ్యూటీలో ఉన్నాడు.'