ఆర్డెన్ సెంటు మీద ఊరి అభిప్రాయం

ఆ శనివారం పొద్దున వెర్నా కాఫీ వంపుకుంటుండగానే మొగుడి రాక తెలిసిపోయింది. ఆర్డెన్ ఇంకా మెట్ల మీదే ఉన్నాడు. లవంగం, మిరియం, దేవదారు చెక్క కలిసిన అతని సెంటు మాత్రం అప్పుడే వంటింట్లోకి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది.

పెళ్లయిన కొత్తలోంచీ అతనిది అదే సెంటు. ఒకప్పుడు చెంప దగ్గరికి ముఖం తెస్తే తప్ప తెలిసేది కాదు, వెర్నాకి ఇష్టంగానే ఉండేది. ఈ వేసవి నుంచి ఏమొచ్చిందో, తోటకి మందు కొట్టినట్టు కొట్టుకుంటున్నాడు.

"ఎలా ఉంది?" అన్నాడు కాలరు సర్దుకుంటూ. ఈమధ్య రోజూ ఇదే ప్రశ్న.

"బాగుంది" అంటూ వెర్నా కిటికీ తీసింది.

"బయట మంచు పడుతుంటే కిటికీ ఏంటి?"

"కాస్త గాలికి."

వాళ్ల ఊరు డులూత్‌లో ఎవరూ ఎదుటి మనిషిని ముఖం మీద ఒక మాట అనరు. చర్చిలో ఆర్డెన్ వెనక కూర్చునేవాళ్లు నవ్వుతూ పలకరించి, ప్రార్థన మొదలయ్యేలోపు మెల్లగా వెనక వరుసలకి జరిగిపోయేవాళ్లు. పాటల బృందాన్ని నడిపే ఆవిడైతే 'అందరికీ మనవి, దయచేసి సెంట్లు వాడకండి' అని బోర్డు మీద కాగితం అంటించింది. ఆ అందరూ ఎవరో ఆర్డెన్‌కి తప్ప అందరికీ తెలుసు. "మనతో చర్చికొచ్చే లొరెయిన్ జుట్టుకి కొట్టుకునే స్ప్రే గురించే. పాపం, ముఖాన చెప్పలేక" అని అతను లొరెయిన్ మీద జాలి కూడా పడ్డాడు.

మర్నాడు మనవరాలు బ్రిటా బాప్తిస్మం. పాపని ఎత్తుకుని పాస్టరు ముందుకి వెళ్లాల్సింది తాతే. కానీ కూతురు కారీ ఫోనులో తేల్చి చెప్పేసింది. "పోయినసారి నాన్న ఎత్తుకున్నాక పాప ఒకటే తుమ్ములు. నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా? ఆ వాసనతో వస్తే పాపని ఆయన చేతికివ్వను."

"నేనే చెప్తాలే" అంది వెర్నా. అప్పట్నుంచి ఆమెకి కాలు నిలవడం లేదు. తుడిచిన గట్టే తుడుస్తోంది. ఫ్రిజ్ తీసి, ఎందుకు తీసిందో మర్చిపోయి మూస్తోంది. పైగా ఇంకో ముల్లు. ఈ వయసులో ఉన్నట్టుండి మగాడికి ఇంత సోకెందుకు? పాటల బృందంలో మొగుడు పోయినవాళ్లెవరెవరో మనసులోనే లెక్క తేల్చి, తన బుద్ధికి తనే సిగ్గుపడింది.

ఆమె నోరు తెరవకముందే కారీ వచ్చేసింది, ఒక చేత్తో పాప, ఇంకో చేత్తో అంచు కుట్టాల్సిన బాప్తిస్మం గౌను.

"చెప్పావా అమ్మా?"

"ఏం చెప్పాలి?" అంటూ ఆర్డెన్ పాప కోసం చేతులు చాచాడు. కారీ ఒకడుగు వెనక్కి వేసింది.

"ముందు స్నానం చేసిరా నాన్నా."

"ఇప్పుడే చేశాను."

"మళ్లీ చెయ్యి. నీ సెంటు వీధిలోకి ఎదురొచ్చి తీసుకొచ్చింది మమ్మల్ని."

"మీ అమ్మ బాగుందంది!"

"మాడిన కూర పెట్టినా అమ్మ బాగుందనే అంటుంది. చర్చిలో ఆ కాగితం ఎవరి కోసం అనుకున్నావు? రేపు ఇలాగే వస్తే పాపని మా మామగారు ఎత్తుకుంటారు."

ఆర్డెన్ ముఖం పాలిపోయింది. "లొరెయిన్ స్ప్రే..."

"ఆవిడ పాపం ఎప్పుడో మానేసింది."

"అందరూ నవ్వుతూనే ఉన్నారు కదే! ఒక్కరైనా చెప్పొచ్చుగా?"

"అసలు అంతంత ఎందుకు కొట్టుకుంటున్నావు? ఎవరి కోసం?" అంది వెర్నా. చివరి మాట నోట్లోంచి జారిపోయింది.

"ఎవరి కోసమేంటి? నాకు తెలిసేదాకా కొట్టుకుంటున్నాను." అతను కుర్చీలో కూలబడ్డాడు. "తెలియట్లేదు వెర్నా. వేసవిలో వచ్చిన ఆ జ్వరం తగ్గినప్పట్నుంచి నాకే వాసనా తెలియట్లేదు. కాఫీ, పొగ, నువ్వు... ఏదీ. ఇంత ఘాటుది, ఇదైనా ఒకరోజు తగలకపోతుందా అని."

"డాక్టర్ని అడిగావా?"

"తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు."

"నాకు చెప్పలేదే!"

"చెప్తే ఏడుస్తావు. రోజూ నిన్ను అడిగేవాణ్ణిగా. నువ్వు బాగుందంటే, సరిగ్గానే పడింది కాబోలు అనుకునేవాణ్ణి."

వెర్నా తను తీసిన కిటికీ వైపు చూసింది. మొగుడికి ముక్కు తనే అయిందని తెలియక, రోజూ మర్యాదగా అబద్ధమాడింది.

"పాప పుట్టినప్పుడు అందరూ దాని నెత్తిన ముక్కు పెట్టి మురిసిపోయారు. నేనూ పెట్టి ఆహా అన్నాను" అన్నాడు ఆర్డెన్ నేల చూస్తూ. "ఏమీ లేదు. బొమ్మని ఎత్తుకున్నట్టుంది."

కారీ ముఖం తిప్పుకుని ముక్కు చీదుకుంది. "పోయి స్నానం చేసిరా నాన్నా" అంది మళ్లీ. ఈసారి గొంతు వేరు.

ఉతికిన చొక్కాతో అతను దిగి వచ్చేసరికి కారీ ఎదురెళ్లి పాపని అతని చేతుల్లో పెట్టింది. అతను వెర్నా వైపు చూశాడు.

"ఎలా ఉంటుందో చెప్పు. మర్యాదకి కాదు, ఉన్నదున్నట్టు."

వెర్నా వంగి పాప మాడు మీద ముక్కు ఆనించింది. "వెచ్చగా ఉంది. అప్పుడే తీసిన రొట్టెలా... ఊహూ, అంత తీపి కాదు. ఇస్త్రీ చేసిన దిండు గలేబులా. కాస్త పాల వాసన." అలవాటు ప్రకారమైతే అక్కడితో ఆపేసేదే. "మెడ మడతలో విరిగిన పాల కంపు కూడా ఉంది. నీ కూతురు సరిగ్గా తుడవలేదు."

"అమ్మా!"

ఆర్డెన్ నవ్వబోయాడు. నవ్వు సగంలోనే తడిసిపోయింది. పాపని ఇంకాస్త దగ్గరికి హత్తుకున్నాడు.

"ఆ మెడ దగ్గరిది మళ్లీ చెప్పు" అన్నాడు.