తమ్ముడి లాంటోడు

వెనక బొలేరో వదలడం లేదు!

అప్పలసూరి బైకు గేరు మారుస్తాడు. చీకటి పడిన హైవే. చినుకులు. తువ్వాలులో చుట్టిన పొట్లం పొట్టకి కట్టుకున్నాడు. ప్రాణం పోయినా అది తడవకూడదు.

అది మామూలు పుస్తకమా! మనుషుల్ని కొనడం, అమ్మడం పాపమని నూట డెబ్బై ఏళ్ల కిందట లండన్‌లో అచ్చేసింది. మొదటి ముద్రణ! చూసిచ్చేస్తానంటే ఎచ్చెర్ల నారాయణమూర్తి గారు జగన్నాధం బాబుకి ఎరువిచ్చారు. తిరిగి ఇచ్చేసి రమ్మని బాబు ఇవాళ పంపాడు.

బాబు ఇంట్లో అలాంటి పుస్తకాలు బీరువా నిండా ఉన్నాయి. దుమ్ము దులిపేది అప్పలసూరే. చిన్నప్పుడే ఆ ఇంట కంబారిగా, అంటే ఏడాది పాలేరుగా, చేరాడు. ఇప్పుడు సభ ఎక్కడైనా సరే, బాబు అతని భుజం మీద చెయ్యేసి, "వీడు నాకు తమ్ముడి లాంటోడు" అంటాడు. విన్నప్పుడల్లా అప్పలసూరి పూరీలా పొంగిపోతాడు.

బొలేరో మీదికొచ్చేసింది!

ఒంటి చేత్తో ఫోన్ కొడతాడు.

"బాబూ! టోల్‌గేటు దాటాను, ఎవులో ఎనకాల పడ్డారు. పుస్తకం కోసవే!"

"కంగారు పడకు. ఎడం పక్క జీడితోట ఉన్నాది సూడు. అందులో దూరి లైటార్పేయ్. నేనొస్తన్నా."

తోట. లైటు ఆఫ్. ఊపిరి బిగబట్టాడు.

ఫోన్ ఇంకా చెవి దగ్గరే ఉంది. బాబు కట్ చెయ్యడం మర్చిపోయాడు. అవతల ల్యాండ్‌లైన్‌లో మాట్లాడుతున్నాడు...

"ఎస్సై గారూ, జీడితోటలో దూరాడు. మా కంబారోడే సార్. మూర్తిగారి పుస్తకం పట్టుకుని ఉడాయించాడు. ఎంత తిండి పెడితే ఏం లాభం!"

కంబారోడు!

అప్పలసూరి ఫోన్ వెలుతురులో పొట్లం చింపుతాడు. లోపల... పాత పంచాంగాలు రెండు!

తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్లని చూశాం. ఇంటాయనే వాసం ఊడబీకి నెత్తిన కొడితే ఏమనాలి?

"ఒరే! చేతులెత్తు!"

కళ్లలో టార్చి. దాని వెనక పిస్తోలు. బొలేరో దిగొచ్చిన ఎస్సై గిరిబాబు!

పరిగెడితే కాల్చేస్తాడు. అప్పలసూరి పరిగెత్తడు. రెండు చేతులూ ఎత్తుతాడు. కుడిచేతిలో ఫోన్. బొటనవేలు స్పీకర్ నొక్కుతుంది. అవతల బాబు ఇప్పుడు పెళ్లాంతో మాట్లాడుతున్నాడు.

"పద్మా! మూర్తి పుస్తకం నా బీరువాలో పెట్టి తాళం వెయ్యి. తిరిగిచ్చేస్తే ఇలాటిది మళ్లీ దొరుకుతాదా? జైలుకి పోతే వాడు పోతాడు!"

చినుకుల చప్పుడు.

పిస్తోలు మెల్లగా కిందికి దిగుతుంది.

"ఏరా..." ఎస్సై గొంతు మారింది. "ఆయనకి నువ్వేటవుతావు?"

అప్పలసూరికి ఏడుపొస్తోంది. కళ్లు తుడుచుకుందామంటే చేతులు దించొచ్చో లేదో తెలీదు.

"తమ్ముణ్ణనుకున్నాను సార్... కంబారోణ్ణంట."