సీలేరు నమూనాలో పుట్టీ

"బాంబు సీలేరు డ్యామ్‌లో కాదు ఫల్గుణా, డ్యామ్ నమూనాలో," అంది చీఫ్ గంగాభవాని.

అరకు మేళా హాల్లో పెట్టబోయే స్కేల్ మోడల్ అది. దాని కడుపులో బాంబు దాచాలని విదేశీ ముఠా ప్లాన్. మోడల్ మేకర్ వేషంలో ఆ ముఠాలో దూరినవాడు ఏజెంట్ ఫల్గుణ.

"వాళ్ళు చెప్పినట్టే పెట్టు. జనం వచ్చేలోపు తీగ తెంచు. హాలు ఖాళీ చేయిస్తే అనుమానపడి రిమోట్ నొక్కేస్తారు."

"రిమోట్ ఎవరి దగ్గర?"

"తెలీదు. ఉమామహేశ్వరి కనుక్కుంటుంది. ముఠాలో ఉన్నా తను మన మనిషే. నువ్వెవరో మాత్రం తనకి చెప్పలేదు."

ఆ నల్లకళ్ళద్దాల అందగత్తె అంటే డిపార్ట్‌మెంట్ మొత్తానికి నమ్మకం. ఫల్గుణకి కాస్త ఎక్కువే.

రాత్రి నమూనా గోడలో బాంబు పెట్టి, కార్ల సొట్టలు పూడ్చే పుట్టీతో కన్నం మూశాడు. అది గట్టిపడటానికి కలిపే హార్డెనర్ కావాలనే తగ్గించాడు. అరకు చలికి అది గట్టిపడదు, పొద్దున్నే వేలితో తవ్వి తీగ అందుకోవచ్చు. ఉపాయం బ్రహ్మాండం. హాలు చూసుకునే కనకకి చెప్పకపోవడమే పొరపాటు.

పొద్దున్న గోరుతో నొక్కాడు. దిగలేదు.

"సలికి ఆరనేదు బాబూ. పక్కన కుంపటెట్టినాను," అంది కనక, సాయం చేసిన సంబరంతో.

ఫల్గుణకి చెమటలు పట్టాయి. బయట పిల్లల థింసా నాట్యానికి డప్పులు మొదలయ్యాయి.

"ఏటి బాబూ, అలగైపోనావు? మా గుంట కూడా ఆడతాది. ఇక్కడికే వత్తారు."

"కుంపటి పట్రా కనకమ్మా. బేగి!"

కత్తి ఎర్రగా కాల్చి ఆనించాడు. గట్టిపడిన పుట్టీ కూడా అంత సెగకి మెత్తబడి పొరలుగా లేస్తుంది. కత్తి కాస్త లోతుకి జారిందంటే డిటొనేటర్‌కి తగులుతుంది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో అతను ఇంతగా భయపడలేదు. తను పోతే పోయాడు, ఆ ఆడే పిల్లలేం చేశారు?

గుమ్మంలో ఉమామహేశ్వరి. కత్తిని చూసింది. చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టి బయటున్న జీపు వైపు పరుగు తీసింది.

రిమోట్ ఎవరి దగ్గరుందో అప్పుడర్థమైంది ఫల్గుణకి.

"మేడమ్, ఉమని పట్టుకోండి!" అని కాలర్ మైక్‌లో అరుస్తూనే ఆఖరి పొర పెకలించాడు. తీగ కనబడింది. తెంచాడు.

బయట ఉమ రిమోట్ నొక్కింది. మళ్ళీ నొక్కింది. మూడోసారి నొక్కేలోపు బేడీలు పడ్డాయి. థింసా సాగుతూనే ఉంది.

బాంబుని స్క్వాడ్ పట్టుకెళ్ళాక కనక బుగ్గలు నొక్కుకుంది. "ఇంత కన్నమెట్టేసినావేటి! కలెక్టరుగారొత్తే నన్ను తిడతారు, బేగి పూడ్సీ."

ఫల్గుణ పూడ్చాడు. హడావుడిలో గోడ ఎగుడుదిగుడుగా తేలింది.

కలెక్టరుగారు మోడల్‌ని తేరిపార చూసి, అంతా బాగుంది గానీ గోడ కట్టినవాడికి బొత్తిగా పనితనం లేదన్నారు.