గంట చాలన్న పరిశోధన

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల మీద మూడేళ్లుగా పరిశోధన చేస్తున్న ఆ డాక్టరు, ఆ మూడేళ్లలో ఒక్క పిల్లనైనా ఎత్తుకున్న పాపాన పోలేదు. అతనుండేది పై అంతస్తులో, కంప్యూటరు ముందు. పిల్లలుండేది కింది అంతస్తులో. రెండు అంతస్తుల మధ్యా తిరిగేది అతను తయారుచేసిన పద్నాలుగు పేజీల ఫారం. అందుకే వార్డులో అందరూ అతన్ని ఫారం డాక్టరనేవారు.

ఆ ఉదయం తలుపు తోసుకుని వార్డు ఇన్‌చార్జి నర్సు లోపలికి వచ్చింది.

"ఫారం డాక్టరు మీరేనా?"

"ఫారం డాక్టరేంటండీ? నేను..."

"మీరేలెండి. మనిషి కూడా ఫారంలాగే ఉన్నారు, తెల్లచొక్కా మీద గీతలతో."

అతనికి కోపం రావాలి. రాలేదు. ఇంత అందంగా అతన్ని తిట్టినవాళ్లు ఇంతవరకూ లేరు మరి.

"మా వార్డులో తల్లుల కుర్చీలు తీసేస్తారట. బిడ్డని గుండెలకి హత్తుకోడానికి రోజుకో గంట చాలని మీరు తేల్చారట!"

"నేను కాదండీ, లెక్కలు తేల్చాయి. సగంమంది తల్లులకి ఆరు గంటలు, సగంమందికి గంట. పిల్లలందరూ ఒకేలా బరువు పెరిగారు."

"పెరగరా మరి? అందరూ ఆరేసి గంటలు ఎత్తుకున్నారుగా!"

"గంటవాళ్లు కూడానా?"

"గంట కాగానే బిడ్డని లాక్కోమంటారా? ఏ తల్లి ఇస్తుంది? నాకు మాత్రం చేతులెలా వస్తాయి?"

"మరి ఫారంలో అలా రాయలేదే!"

ఆమె బల్లమీది కట్టలోంచి ఒక ఫారం లాగింది. "తూకం మెషీను ఏ కంపెనీదని అడిగారు. గదికి కిటికీలెన్నని అడిగారు. ఎత్తుకోడం గురించి మాత్రం ఒకటే ప్రశ్న. 'గంట పూర్తయిందా? అవును, కాదు.' పూర్తయింది, అవునని టిక్కు పెట్టాం. ఆ తర్వాత ఇంకెంతసేపని మీరడిగితేగా?"

ఆ ఫారాన్ని ఆరుగురు మేధావుల కమిటీ నాలుగుసార్లు కూర్చుని ఆమోదించింది. అందులో రెండుసార్లు కిటికీల మీదే చర్చ.

అతను ఆమె వెంట కిందికి దిగాడు. ఒక కుర్చీలో ఓ తల్లి వెనక్కి వాలి కూర్చుంది. కిలోన్నరైనా లేని పసిగుడ్డు ఆమె గుండెల మీద, దుప్పటి చాటున నిద్రపోతోంది. అతని కంప్యూటర్లో ఆ బిడ్డ పేరు నలభై రెండు. అతనికి సిగ్గేసింది. "తప్పు నాదేనండీ," అన్నాడు.

"సోమవారం మీటింగులో డైరెక్టరు గారు సంతకం పెడితే ఈ కుర్చీలుండవు," అంది నర్సు.

ఆ వారమంతా అతను వార్డులోనే ఉన్నాడు. తల్లుల్ని అడిగి గంటలు రాసుకున్నాడు. చేతులు సరిగా కడుక్కోలేదని ఆమె చేత రోజూ చీవాట్లు తిన్నాడు. అందరూ సిస్టర్ అని పిలిచే ఆమెని అతనొక్కడే 'ఏమండీ' అనసాగాడు. సంగతి వార్డంతటికీ అర్థమైంది, అతనికి తప్ప.

సోమవారం వచ్చింది. డైరెక్టరు గారు పసిపిల్లని ఆఖరుసారి ఎత్తుకున్నది వార్డు ప్రారంభోత్సవంలో, ఫోటో కోసం. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. 'గంట చాలు' అని బ్యానరు కూడా వేయించి గోడకి కట్టించారు. అతను జరిగింది చెప్పగానే మండిపడ్డారు.

"ఇప్పుడు తప్పంటే నా పరువేం గాను? పేపరు జర్నలుకి పంపేశాం కదయ్యా! నర్సులు రూల్సు పాటించలేదని రాసెయ్. ఆ ఇన్‌చార్జిని పంపించేద్దాం. నీ పేరుకి మచ్చ ఉండదు."

దారి సుఖంగానే ఉంది. అతను ఒక్క క్షణం ఊగిసలాడాడు కూడా. కానీ ఆమె లేని వార్డుని తలుచుకుంటే ప్రాణం ఒప్పలేదు.

"తప్పు వాళ్లది కాదు సార్, నాది. అడగాల్సింది అడగలేదు. మూడేళ్లలో ఒక్కసారి మెట్లు దిగినా తెలిసేది. పేపరు వెనక్కి తీసుకుంటున్నాను."

ఆధారమే పోయాక ఆర్డరు మీద సంతకం ఎలా పెడతారు? డైరెక్టరు గారి ముఖం మాడిపోయింది. కుర్చీలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

వరండాలో ఆమె ఎదురుచూస్తోంది.

"ఉద్యోగం ఉందా?"

"ఉంది. పేరే పోయింది. మళ్లీ మొదట్నించీ చెయ్యాలి. ఇంకో మూడేళ్లు రోజూ కిందికి రావాలి."

"రావాలా? రావాలనుందా?"

"రావాలనుందండీ. పిల్లల కోసం." చొక్కా సర్దుకున్నాడు. "అబద్ధం ఎందుకు, మీ కోసం కూడా. మీరంటే నాకు ఇష్టం."

ఆమె నవ్వు ఆపుకోవాలని చూసింది గానీ కుదరలేదు.

"నిన్న మా అమ్మకి మీ గురించి చెప్పాను."

"ఏమని?"

"తన తప్పు తనే ఒప్పుకునే మగాణ్ణి చూశానని. అస్సలు నమ్మలేదు. ఆదివారం ఇంటికి తీసుకొచ్చి చూపించమంది."