పన్నెండో కప్పు

"మళ్ళీ మీరేనా?" తలుపు తీస్తూనే విసుక్కుంది నోయెలియా.

"కంప్లైంట్ కూడా మళ్ళీ మీదే కదండీ!"

"వారంలో మూడోసారి! వాన రావడం, నెట్ పోవడం, మీరు రావడం. నాలుగింటికి నాకు ఇంటర్వ్యూ. పిల్లలకు ఆన్‌లైన్‌లో గ్వారానీ భాష నేర్పే ఉద్యోగం. ఇది పోతే మళ్ళీ దొరుకుతుందా?"

ఆ గొంతులో కోపం కన్నా భయమే ఎక్కువ. టైము మూడు నలభై. అరేగువా ఊళ్ళో నేను రిపేరుకు వెళ్ళని ఇల్లు లేదు, కానీ ఈ ఇంటి మెట్లెక్కితేనే నాకు గుండె దడ.

ఆమె గదిలో కంప్యూటర్ ముందు కూర్చున్నాను. రౌటర్ ఇవ్వాల్సిన నెట్ అడ్రసు రాక, కంప్యూటర్ తనకు తానే ఏదో అడ్రసు పెట్టుకుని కూర్చుంది. హాల్లో ఉన్న రౌటర్‌ని చూడకుండానే కారణం చెప్పగలను. ఉరిమితే చాలు, వాళ్ళ మామ్మ యూసేబియా గారు పిడుగు భయంతో అద్దాలకు గుడ్డలు కప్పి, ఇంట్లో వైర్లన్నీ పీకేస్తారు. మా దగ్గర మామ్మలందరూ అంతే. వాన వెలిశాక రౌటర్‌లో బయటి లైను కన్నంలో కంప్యూటర్ వైరు, కంప్యూటర్ కన్నంలో బయటి లైను గుచ్చేస్తారు.

హాల్లోకెళ్ళి వైర్లు మార్చాను. నిమిషంలో నెట్ వచ్చింది. నోయెలియా ముఖం విప్పారింది.

"అసలేమైంది?"

అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. ఆ కళ్ళు చూసి చెప్పలేకపోయాను.

"మామ్మగారు వైర్లు తారుమారు చేస్తున్నారు. నాకు మొదటిరోజే తెలుసు. వైరుకు ఎర్ర టేపు చుట్టి చూపిస్తే సరిపోయేది. చుట్టలేదు."

"ఎందుకు?"

"చుట్టేస్తే నన్ను మళ్ళీ ఎందుకు పిలుస్తారండీ?"

ఆమె నవ్వలేదు. "నా ఉద్యోగంతో ఆడుకున్నారన్నమాట!" గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

సిగ్గుతో చచ్చిపోయాను. టేపు చుడుతుండగానే ఎక్కడో ఉరిమింది. మామ్మ దుప్పటి పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. చెయ్యి ప్లగ్గు మీదికి పోతోంది.

"మామ్మగారూ, మీకు దండం పెడతాను, ఆగండి! లోపల ఇంటర్వ్యూ!"

"పిడుగు పడితే నువ్వొస్తావుట్రా?"

"ఉరుము దూరంగానే ఉంది. రండి, కాస్త తెరెరే పోయండి. దాహంగా ఉంది."

తెరెరే అంటే ఆకు వేసిన చల్లటి నీళ్ళు. ఒకే కప్పు, ఒకే గొట్టం, చేతులు మారుతుంటాయి. తాగి థాంక్స్ అన్నామా, ఇక వద్దని అర్థం. గత రెండుసార్లూ సిగ్గుకొద్దీ మొదటి కప్పుకే థాంక్స్ చెప్పి పారిపోయాను. ఈసారి మామ్మను లేవనివ్వకుండా పదకొండు కప్పులు తాగాను.

తలుపు తెరుచుకుంది. "మామ్మా, ఉద్యోగం వచ్చేసింది! సోమవారం నుంచే చేరమన్నారు!" మామ్మను వాటేసుకుంది. నావైపు చూడలేదు.

బ్యాగు భుజాన వేసుకున్నాను. "సంతోషమండీ. టేపు చుట్టేశాను. ఇక నాతో అవసరం పడదు."

"ఒసే పిచ్చిదానా!" అన్నారు మామ్మ. "నన్ను వైరు ముట్టుకోనివ్వకుండా పదకొండు కప్పులు తాగాడే ఈ డెర్లిస్!"

నోయెలియా నావైపు తిరిగింది. కప్పు అందుకుని, నీళ్ళు పోసి, చెయ్యి చాచింది. నా కడుపులో చుక్కకు కూడా చోటు లేదు. గటగటా తాగేసి, కప్పు తిరిగిచ్చి, నోరు మూసుకుని నిలబడ్డాను.

"థాంక్స్ చెప్పవా?"

"చెప్పను."

నవ్వాపుకోలేక తల తిప్పేసుకుంది. మళ్ళీ కప్పు నింపింది.